హిర్కణి బస్సు ఎక్కడ ఆగాలి?

మహారాష్ట్ర ఆర్టీసీని అక్కడ అందరూ ఎస్టీ అంటారు. ఆ ఎస్టీలో హిర్కణి అని ఒక రకం బస్సుంది. ఏసీ ఉండదు. అటు రెండు, ఇటు రెండు సీట్లు, నడుం వాల్చుకోడానికి వీలైన కుర్చీలు. ఎర్ర బస్సు కన్నా తక్కువ చోట్ల ఆగుతుంది, టికెట్టు కాస్త ఎక్కువ. వాళ్ళు దీన్ని ‘నిమ్ ఆరామ్’, అంటే సెమీ లగ్జరీ సర్వీసంటారు. మన లెక్కలో ఎక్స్‌ప్రెస్‌కీ సూపర్ లగ్జరీకీ మధ్య ఎక్కడో పడుతుంది. పుణేలో ఉద్యోగం, సోలాపూర్‌లో చుట్టాలు ఉన్న నాలాంటివాళ్ళకి బాగా అలవాటైన బస్సే.

ఈ బస్సు పేరుతో నాకో పేచీ ఉంది. పేరు బాగాలేదని కాదు. మన దేశంలో ఏ ఆర్టీసీ కూడా తన బస్సుకి ఇంత మంచి పేరు పెట్టలేదని నా నమ్మకం. ఆ పేరు పెట్టాల్సింది ఈ బస్సుకి కాదు, అదీ నా పేచీ.

ముందు కథ చెప్పాలి. తెలుగువాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు.

రాయగఢ్ కోట ఉన్న కొండ కింద ఒక చిన్న పల్లె. అందులో హిర్కణి అని పాలమ్ముకునే ఆవిడ. చంటిబిడ్డ తల్లి. రోజూ పొద్దున్నే పాలకుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కేది, కోటలో వాడుకగా పోసేవాళ్ళకి పాలు పోసి, పొద్దుగూకేలోపు దిగి వచ్చేది. ఒకనాడు కోజాగిరి పున్నమి వచ్చింది. మన ఆశ్వయుజ పౌర్ణమే. ఆ రాత్రి మరాఠీ ఇళ్ళల్లో పాలు కాచి, వెన్నెట్లో పెట్టుకుని తాగుతారు. అంటే పాలమ్మే మనిషికి ఏడాదిలో ఇంతకు మించిన గిరాకీ ఉండదు. ఆ గిరాకీలో ఆమెకి ఆలస్యమైంది. పరుగెత్తుకుంటూ మహాదర్వాజా దగ్గరికి వచ్చేసరికి తలుపులు మూసేశారు. పొద్దుగూకితే మూయాలి, తెల్లారితేనే తెరవాలి. అది శివాజీ మహారాజు ఆజ్ఞ. ఇంటి దగ్గర పిల్లాడు పాలకి ఏడుస్తుంటాడయ్యా అని కాపలావాళ్ళని బతిమాలింది. వాళ్ళు జాలిపడ్డారు గానీ తలుపు తియ్యలేదు.

కోటకి ఒక పక్క గోడ లేదు. అటువైపంతా నిట్టనిలువు చరియ, ఎక్కేవాడూ దిగేవాడూ ఉండడని అలా వదిలేశారు. హిర్కణి అటు నుంచి దిగింది. చీకట్లో రాళ్ళు పట్టుకుని, ముళ్ళకంపలు పట్టుకుని, ఒళ్ళంతా చీరుకుపోయి ఇల్లు చేరింది. మర్నాడు ఎప్పట్లాగే పాలకుండతో కింద నుంచి పైకి వచ్చింది. రాత్రి లోపల ఉండిపోయిన మనిషి పొద్దున బయట నుంచి ఎలా వచ్చిందని కాపలావాళ్ళు నోరెళ్ళబెట్టారు. సంగతి రాజుదాకా వెళ్ళింది. ఆయన ఆమెను పిలిపించి, చీర పెట్టి గౌరవించి, ఆమె దిగిన చోట బురుజు కట్టించాడు. రాయగఢ్‌లో ఇప్పటికీ అది హిర్కణి బురుజే.

ఇది జనం నోట నిలిచిన కథ. ఒకరు చీర అంటారు, ఇంకొకరు నగలంటారు. చరిత్రగా రుజువు చెయ్యమంటే కష్టం. నాకా అవసరం కూడా లేదు. మరాఠీ పిల్లలు ఈ కథని అమ్మప్రేమ పాఠంగా నేర్చుకుంటారు. నేను మొదట విన్నది సోలాపూర్‌లో, మా మేనత్త దగ్గర. సోలాపూర్‌లో తెలుగు పద్మశాలీలు కొన్ని తరాలుగా ఉన్నారు. మగవాళ్ళు మగ్గాల మీద దుప్పట్లు, టవల్స్ నేస్తే, ఆడవాళ్ళు చాలామంది ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవారు. మా అత్తమ్మ కూడా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే కథ చెప్పింది. చెప్పి, ఆఖర్న ఒక మాట అంది:

“రాజు మంచోడే బిడ్డా. చీర పెట్టిండు, పేరు పెట్టిండు. గానీ జర సోచాయించు. దర్వాజ టైము మార్చిండా? మార్చలే. ఆమె దిగిన తొవ్వకు అడ్డంగ గోడ కట్టిండు. రేపు ఇంకో పిల్లతల్లికి లేటైతే ఎట్ల దిగాలె?”

బడికి పెద్దగా వెళ్ళని మనిషి. ఆ కథ మీద ఇంతకన్నా పదునైన విమర్శ నేనింతవరకూ వినలేదు. రాజుకి రాజు ఇబ్బందులు ఉంటాయి, ఒప్పుకుంటాను. చుట్టూ యుద్ధాలు, 1674లో పట్టాభిషేకం చేసుకున్న రాజధాని కోట అది. ఒక ఆడమనిషి దిగగలిగిన చోట శత్రువు ఎక్కగలడు, కాబట్టి గోడ కట్టక తప్పదు. దర్వాజా ఇష్టమొచ్చినప్పుడు తెరిస్తే కోట కోటలా ఉండదు. అవన్నీ నిజమే. కానీ బస్సులు నడిపే సంస్థ కోట కాదు కదా. కథలో రాజు చెయ్యలేకపోయిన పని చెయ్యడానికే అసలు ఎస్టీ పుట్టింది: పొద్దుగూకాక కూడా ఇంటికి దారి ఉంచడం.

ఇప్పుడు బస్సు సంగతి. 1948 జూన్ 1న పుణే నుంచి అహ్మద్‌నగర్‌కి మొదటి ఎస్టీ బస్సు నడిచింది. ‘గావ్ తిథే ఎస్టీ’, ఊరున్న చోటల్లా ఎస్టీ అనేది వాళ్ళు ఊరూరా చెప్పుకున్న మాట. చాలా ఏళ్ళపాటు బస్సంటే ఎర్ర బస్సే. తర్వాత 1982లో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఆ ఆటల కోసం వాడిన బస్సులు ఎస్టీకి వచ్చాయి. మెత్తటి సీట్ల ఆ బస్సులు ముంబై–పుణే రోడ్డు మీద తిరగడం మొదలుపెట్టాక జనం వాటిని ‘ఏషియాడ్’ అన్నారు. దాదర్‌లో ఆ బస్సులు ఆగే చోటుని ఇప్పటికీ ఏషియాడ్ స్టాప్ అనే అంటారు. ఆటలయ్యి 40 ఏళ్ళు దాటినా పేరు మాత్రం పోలేదు! ఆ నిమ్ ఆరామ్ సర్వీసుకే తర్వాత హిర్కణి పేరొచ్చింది.

ఆ తర్వాత ఏసీ బస్సులొచ్చాయి. ముంబై–పుణే వోల్వోకి శివ్‌నేరి అని పేరు. శివాజీ పుట్టిన కోట అది. 2017లో వచ్చిన ఏసీ బస్సులకి శివ్‌షాహీ, అంటే శివాజీ పాలన. 2022 జూన్ 1న అదే పుణే–అహ్మద్‌నగర్ దారిలో మొదలైన కరెంటు బస్సుకి శివాయి, శివ్‌నేరి కోటలో ఉన్న అమ్మవారి పేరు. పండరిపురం వెళ్ళే భక్తులకి విఠాయి ఉంది.

ఈ పేర్లని పై నుంచి కిందికి టికెట్టు ధర ప్రకారం పెట్టి చూడండి. అన్నిటికన్నా ఖరీదైన సీటుకి రాజుగారి కోట. ఏసీ సీటుకి రాజుగారి పాలన. ఏసీ లేని మధ్యరకం సీటుకి పాలమ్మే ఆవిడ. అన్నిటికన్నా చౌక సీటున్న ఎర్ర బస్సుకి ఇలాంటి పురాణమూ లేదు, కోటా లేదు. దానికి జనమే ముద్దుగా ‘లాల్ పరీ’ అని పెట్టుకున్నారు, ఎర్ర దేవకన్య అని. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పేర్లలో కూడా తేలిపోయిందన్నమాట. ఎవరూ కావాలని చేసి ఉండరు. ఇలాంటివి కావాలని చెయ్యక్కర్లేకుండానే జరిగిపోతుంటాయి.

అంతకన్నా వింత ఇంకొకటి. హిర్కణి ఇవాళ బతికుంటే హిర్కణి బస్సు ఎక్కదు. ఆమె ఊరు కొండ కింద పల్లె. మహాడ్ పట్నం నుంచి పాచాడ్ వైపు వెళ్ళే దారి. అక్కడ చేయెత్తితే ఆగేది లాల్ పరీయే. పాలక్యాన్లు ఎక్కించుకునేదీ అదే. నిమ్ ఆరామ్ బస్సు పెద్ద స్టాండులో ఎక్కి పెద్ద స్టాండులో దిగేవాళ్ళ బస్సు, అంటే నా బస్సు. కొండ కింద హిర్కణివాడి నుంచి ఇప్పుడు రోప్‌వే కూడా ఉంది, కొద్ది నిమిషాల్లో కోట పైకి చేరుస్తుంది. ఆమె పడ్డ కష్టం ఉన్నచోటే పర్యాటకులకి సౌకర్యం వచ్చింది, మంచిదే. సాయంత్రం అయితే దానికీ గేటు పడుతుంది.

జానపద కథని బస్సుకి అద్దాలంటే ఎలా చెయ్యాలని అడిగితే మామూలుగా వచ్చే సలహాలు నాకు తెలుసు. బస్సు ఒంటి మీద బొమ్మలు వెయ్యండి, సీటు కవర్ల మీద వార్లీ డిజైన్లు పెట్టండి, స్పీకర్లో కథ వినిపించండి, సెల్ఫీ దిగడానికి ఒక మూల ఏర్పాటు చెయ్యండి. ఇవన్నీ చేసినా నాకు అభ్యంతరం లేదు, టీవీలో అరిచే సినిమాల కన్నా నయమే. నేనెక్కిన హిర్కణి బస్సుల్లో పేరు తప్ప ఆ కథ ముక్క కూడా కనిపించలేదు. పక్క సీట్లో కూర్చున్న కుర్రాడిని ఒకసారి అడిగితే, బస్సు పేరు కదా అన్నాడు. ఒక బొమ్మ వేసి ఉంటే కనీసం అడిగేవాడేమో. కానీ బొమ్మతో ఆగిపోతే అది మళ్ళీ చీర పెట్టి బురుజు కట్టడమే అవుతుంది. పేరుకి తగ్గ పని చేశారా లేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ పని ఒక చోట చేశారు, చెప్పుకోవాలి. మహారాష్ట్రలో బస్టాండుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో చంటిపిల్లల తల్లులు పాలివ్వడానికి విడిగా చిన్న గదులు పెట్టారు. వాటి పేరు ‘హిర్కణి కక్ష’, మరాఠీలో కక్ష అంటే గది. ఆ కథలో ఉన్న అవసరాన్ని సరిగ్గా పట్టుకున్నవాళ్ళు ఎవరో ఈ పేరు పెట్టారు. వాళ్ళెవరైనా సరే, నమస్కారం. మా పాప ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు నేనలాంటి గదులు వాడుకున్నాను. ఒక చోట ఫ్యాను, శుభ్రమైన బెంచీ, తలుపుకి లోపలి గడియ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఇంకో చోట, ఏ ఊరో ఎందుకులెండి, తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. కిటికీలోంచి చూస్తే లోపల విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు. చంకలో పిల్ల ఏడుస్తోంది, తలుపు మీద మాత్రం హిర్కణి పేరు చక్కగా రాసి ఉంది. నాకు కోపం కన్నా ముందు మా అత్తమ్మ మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది.

2023 మార్చి 17 నుంచి మహారాష్ట్రలో ఆడవాళ్ళకి ఎస్టీ బస్సుల్లో సగం టికెట్టే. ఎర్ర బస్సులోనే కాదు, శివ్‌నేరిలో కూడా. ఇది హిర్కణి పేరుతో వచ్చిన పథకం కాదు గానీ, పేరుకి తగిన పని ఇదేనని నేనంటాను. మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది. పూర్తిగా ఉచితం, నిజమే. కానీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులవరకే. గరుడ, ఇంద్ర మెట్లెక్కితే మామూలు టికెట్టే. ఏది మేలన్న తగవు ఇక్కడ పెట్టుకోను. మా ఆఫీసులో దాని మీద ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది, తేలలేదు.

సగం టికెట్టు ఇచ్చినంత మాత్రాన దారి బాగుపడిపోదు. 2025 ఫిబ్రవరి 25 తెల్లవారుజామున పుణే స్వార్‌గేట్ స్టాండులో, ఆగి ఉన్న ఒక శివ్‌షాహీ బస్సులో ఒక యువతి మీద అత్యాచారం జరిగింది. ఊరికి వెళ్ళడానికి బస్సు కోసం చూస్తున్న మనిషి. మీ బస్సు అక్కడుందని నమ్మించి ఒకడు తీసుకెళ్ళాడు. నేను రోజూ చూసే స్టాండు అది. ఆ తర్వాత చాలా రోజులు మా ఆఫీసు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకటే టెన్షన్: తెల్లవారుజామున ఏ ప్లాట్‌ఫాం దగ్గర నిలబడాలి, బస్సు ఎక్కడుందో ఎవరిని అడగాలి. సీటు ఎంత వెనక్కి వాలుతుందన్నది ఆ గంటలో ఎవరికీ పట్టదు. బస్సు ఫలానా చోటే, ఫలానా టైముకే ఉంటుందన్న భరోసా, ఒక దీపం, డ్యూటీలో ఒక మనిషి. నా మటుకు సౌకర్యం అక్కడ మొదలవుతుంది, పుష్‌బ్యాక్ దగ్గర కాదు.

మన ఆర్టీసీల పేర్లతో నా గొడవ కూడా దీంతోనే ముడిపడి ఉంది. గరుడ, గరుడ ప్లస్, ఇంద్ర, అమరావతి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకి పుష్పక్. అందరూ ఆకాశంలో తిరిగేవాళ్ళే. పక్కన కర్ణాటకలో ఐరావత, అంబారీ, పల్లక్కి, రాజహంస. చదువుతుంటే దసరా ఊరేగింపు సరంజామా లెక్క రాస్తున్నట్టుంటుంది. కేరళవాళ్ళు రాత్రి బస్సుకి మిన్నల్ అన్నారు, మెరుపు. కనీసం అదొక మాట, తొందరగా తీసుకెళ్తామని. గరుడ ఏం మాటిచ్చాడు? గంట లేటైతే గరుడుణ్ణి నిలదీయగలమా? దేవుళ్ళ పేర్లతో వచ్చిన సుఖం అదే, వాళ్ళు ప్రయాణికులకి జవాబుదారీ కారు. జానపద కథలో మనిషి అలా కాదు. ఆమెకి ఒక ఊరుంటుంది, ఒక కష్టం ఉంటుంది, ఆ కష్టం తీరిందా లేదా అని ఎవరైనా అడగొచ్చు.

అలాగని మన కథలన్నీ బస్సులకి పనికొస్తాయనుకోను. బాలనాగమ్మ ఎక్స్‌ప్రెస్ అని పెడితే ఎక్కిన ఆడవాళ్ళు దిగాల్సిన చోట దిగుతారన్న నమ్మకం కుదరదు, మాయల ఫకీరు గుర్తొస్తాడు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువుకట్ట కథ ఉంది. గండి పడితే ఊరిని కాపాడడానికి నీళ్ళలోకి నడిచిన చిన్నకోడలు ముసలమ్మ కథ. చాలా గొప్ప కథ. కానీ ముసలమ్మ సూపర్ లగ్జరీ అంటే జనం నవ్వుతారు. నవ్వకపోయినా, ఒక ఆడపిల్ల బలైపోయిన కథకి తగ్గట్టు బస్సు ఏం చెయ్యాలో నాకు తోచదు. సమ్మక్క, సారలమ్మల పేరు పెడదామంటే, మేడారం జాతరకి వేల బస్సులు ఎలాగూ ఏ అలంకారపు పేరూ లేకుండానే నడుస్తాయి. ఆ నాలుగు రోజులూ అవన్నీ అమ్మవారి బస్సులే. ఇంకా పేరెందుకు?

మన పేర్లలో నాకు నచ్చింది పల్లె వెలుగు. దేవుడూ లేడు, రాజూ లేడు. ఊరికి వెలుగు తెస్తానంటోంది. తేకపోతే అడగొచ్చు.

ఇంతకీ హిర్కణి పేరు ఏ బస్సుకి పెట్టాలి? మరాఠీలో ‘ముక్కామీ గాడీ’ అని ఒకటుంది. మన దగ్గర నైట్ హాల్ట్ బస్సంటాం. సాయంత్రం పట్నంలో ఆఖరిగా బయల్దేరి, చీకటి పడ్డాక పల్లె చేరి, అక్కడే రాత్రంతా ఆగి, తెల్లారకముందే మళ్ళీ పట్నానికి వెళ్ళే బస్సు. మాది బోధన్ వైపు, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర. చిన్నప్పుడు మా ఊరికి అలాంటి బస్సు వచ్చేది. పంచాయతీ ఆఫీసు ముందు ఆగేది. డ్రైవరు, కండక్టరు ఎవరింట్లోనో ఇంత తిని బస్సులోనే పడుకునేవారు. బజారులో సరుకమ్ముకున్నవాళ్ళు, ఆస్పత్రిలో ఆలస్యమైనవాళ్ళు, షాపు కట్టేసి వచ్చేవాళ్ళు, అందరూ దాన్ని నమ్ముకునే పట్నం వెళ్ళేవారు. పొద్దున మొదటి ట్రిప్పులో పాలక్యాన్లు, కాలేజీ పిల్లలు. ఆ బస్సు దొరికితే ఇంటికి వచ్చినట్టే. దొరక్కపోతే పట్నంలో ఎవరి వసారాలోనో తెల్లారాలి. కోట దర్వాజా మూసేశాక లోపల ఉండిపోయినవాళ్ళ సంగతి కూడా అంతే కదా.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, రవాణా శాఖలో పనిచేసిన మా బాబాయి దాన్ని ప్రతి పండక్కీ వినిపిస్తాడు. ముక్కాం బస్సు గిట్టుబాటు కాదు. ఆఖరి ట్రిప్పులో సగం సీట్లు ఖాళీ. డీజిలు తడిసి మోపెడు. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊళ్ళో ఉండాలి. అదే బస్సుని పట్నాల మధ్య తిప్పితే నాలుగు రాళ్ళు వస్తాయి. నిమ్ ఆరామ్ లాంటి బస్సులు తెచ్చే డబ్బుతోనే పల్లె బస్సుల నష్టం కాస్తయినా పూడుతుంది. లెక్క తప్పని నేననను. అందుకే నిమ్ ఆరామ్ బస్సులు తీసెయ్యమని అడగడం లేదు. నాలాంటివాళ్ళం ఎక్కుతాం, డబ్బులిస్తాం, పేరు ఏదైనా మాకు ఫరవాలేదు. మళ్ళీ ఏషియాడ్ అనే అనండి, దాదర్‌లో ఎలాగూ ఆ బోర్డు మార్చక్కర్లేదు. హిర్కణి పేరు మాత్రం ముక్కామీ బస్సులకివ్వండి. అప్పుడు ఫలానా ఊరికి హిర్కణి రద్దయిందని పేపర్లో వేస్తే, నష్టాల ట్రిప్పు తగ్గించారని ఎవరూ చదవరు. దర్వాజా మూశారనే చదువుతారు. మహారాష్ట్రలో ఆ కథ చాలా ఇళ్ళల్లో తెలుసు కాబట్టి అర్థం చెప్పాల్సిన పని కూడా ఉండదు. రద్దు చెయ్యాలనుకునే అధికారి సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడు. జానపద కథని బస్సుకి పెట్టుకోవడంలో నాకు కనిపించే లాభం ఇదొక్కటే.

పేరు మార్చాలంటే పెయింటు డబ్బా చాలు. ముక్కాం బస్సు ఊళ్ళో నిలవాలంటే డ్రైవరుకీ కండక్టరుకీ పడుకోడానికి ఒక గది కావాలి, దోమతెర, నీళ్ళొచ్చే బాత్రూం కావాలి. ఇద్దరిలో ఒకరు ఆడమనిషైతే రెండు గదులు కావాలి, ఇప్పుడు కండక్టర్లలో ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ ఖర్చు ఎస్టీ ఒక్కటే మొయ్యలేదంటే, బస్సు కావాలంటున్న గ్రామ పంచాయతీలు మొయ్యొచ్చు. ప్రతి ఊళ్ళో వాడకం లేని సమాజ మందిరం ఒకటి ఉండనే ఉంటుంది. దానికి సున్నం వేసి, తాళంచెవి కండక్టరు చేతికిచ్చి, ఆ తర్వాత డిపో మేనేజరు దగ్గరికి బస్సు అడగడానికి వెళ్తే ఆయన కాదనడానికి ఒక కారణం తగ్గుతుంది.